వీరభద్రంగారి పచ్చగడ్డి

1898 జూన్ 21. ఉదయం ఏడు గంటలు.

కడియం దగ్గర వీరభద్రం కొట్టంలో ఐదు ఆవులు చచ్చి పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బాయి. ఈగలు ముసిరాయి. ఇన్‌స్పెక్టరు రామచంద్రమూర్తి జేబురుమాలు ముక్కుకి అదుముకున్నాడు.

గుంజకి ఒక మనిషిని కట్టేసి ఉంచారు. పెదవి చిట్లి ఉంది. పేరు యెహెజ్కేలు. ఊళ్లో గొడ్డు చస్తే లాక్కెళ్లడం అతని వంతు. తోలు అతనికి. తాతల నాటి కట్టుబాటు.

"తోళ్ల కోసం విషం పెట్టాడండి," అన్నాడు వీరభద్రం. "జైల్లో వేయించండి."

"చూసినవాళ్లెవరు?"

"చూడాలేంటండీ? లాభం ఎవరికండీ?"

ఇన్‌స్పెక్టరు ఒక ఆవు చెవి కోశాడు. రక్తం చింతపండు పులుసు రంగులో ఉంది.

"విషం సూది గుచ్చితే తోలు అక్కడ కుళ్లుద్దండి," అన్నాడు యెహెజ్కేలు. "వీటికి మచ్చే లేదండి. ఇలాంటి నెత్తురు ముప్పయ్యేళ్లలో చూళ్లేదు బాబయ్యా."

"ఎప్పుడు పడ్డాయి?"

"నిన్న మధ్యాహ్నం రెండింటికండి," అన్నాడు వీరభద్రం. "పన్నెండింటికి పచ్చగడ్డి వేయించాను. రెండు నెలలు కాలువలు కట్టేశారు కదండీ, ఆకలి మీదున్నాయి. పదిహేనో తారీఖున నీళ్లొదిలారు. గడ్డి ఒక్కసారిగా లేచింది."

దూరంగా కొబ్బరి చెట్టుకి కట్టిన ఒంగోలు గిత్త ఎండుగడ్డి నములుతోంది.

కానిస్టేబుల్ జీవరాజు కుడితి పొయ్యి దగ్గర చేరాడు. చుట్ట వెలిగించడానికి చూరు మీద ఎండుతున్న గడ్డిలోంచి ఒక కాడ లాగి అంటించాడు. అది చిటపటలాడి నిప్పురవ్వలు చిమ్మింది. మీసం కాలబోయింది.

"ఎక్కడిదా గడ్డి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా దొడ్డిదేనండి," అన్నాడు వీరభద్రం. "మూడు రోజుల కిందట కోసిన మొదటి మోపు."

ఇన్‌స్పెక్టరు దొడ్డిలోకి నడిచాడు. పక్కవాళ్ల గడ్డి పసుపుపచ్చగా ఉంది. వీరభద్రంది నల్లగా కనిపించేంత పచ్చగా ఉంది. గట్టున రెండు ఖాళీ సంచులు. అడుగున తెల్లటి పొడి. నాలుక్కి రాసుకున్నాడు. ఉప్పగా, చల్లగా తగిలింది.

ఎనిమిదిన్నరకి తిరిగొచ్చాడు.

"వీరభద్రంగారూ, ఆ పచ్చగడ్డి ఒక మోపు మీ గిత్తకి వేయించండి."

వీరభద్రం ముఖం పాలిపోయింది. "అది... అది తినదండి."

"తినదా? తినకూడదా?"

ఇన్‌స్పెక్టరు గట్టున దొరికిన ఖాళీ సంచులు అతని ముందు పడేశాడు.

"బాణాసంచాలో వేసే సురేకారం ఎరువుగా చల్లారు. రెండు సంచులు! నీళ్లు లేనన్నాళ్లూ నేలలో ఉండిపోయింది. కాలువ రాగానే గడ్డి మొత్తం పీల్చేసింది. అందుకే కాడ మతాబులా కాలింది. అందుకే రక్తం రంగు మారింది. కొద్దిగా చల్లి, గడ్డి ముదిరేదాకా ఆగి, ఎండుగడ్డిలో కలిపి వేసుంటే గొడ్లు బతికేవి."

"తెలియక చేశానండి!"

"మొదటి ఆవు పడగానే తెలిసింది. గిత్తని విప్పి దూరంగా కట్టారు. ఊళ్లో నవ్వుతారని ఈ మనిషిని గుంజకి కట్టారు. ఛీ!"

ఇన్‌స్పెక్టరు తనే కట్లు విప్పాడు. యెహెజ్కేలు మణికట్లు రుద్దుకున్నాడు.

"సర్లేరా, అయిందేదో అయింది," అన్నాడు వీరభద్రం. "కంపు కొడుతున్నాయి, లాక్కెళ్లు. తోళ్లు నీవే."

పన్నెండేళ్ల సర్వీసులో ఇంత రోత మాట రామచంద్రమూర్తి వినలేదు.

"నాకొద్దండి," అన్నాడు యెహెజ్కేలు. వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టరు విప్పిన తాడు తీసి వీరభద్రం చేతిలో పెట్టాడు.

"లాగండి. తర్వాత స్టేషన్‌కి వెళదాం."

వీరభద్రం ముక్కు మూసుకోబోయాడు. తాడు లాగాలంటే రెండు చేతులూ కావాలి.