పాఠం కింద కీచు

"అమ్మా, నీ మాటల వెనక ఏదో ఉంది," అంది గలగల, హెడ్‌ఫోన్స్ తీసేస్తూ.

నోరు మూతపడదని ఇంట్లో ఆమెకు పెట్టిన పేరది.

అమ్మ చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తుంది. ముందుగా ఖాళీ గదిలోని నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేస్తుంది. ఆ నిమిషాన్నే మళ్ళీ మళ్ళీ అతికించి, పాఠమంతా తన మాటల కింద పరుస్తుంది. లేకపోతే మాటకూ మాటకూ మధ్య వెలితిగా వినిపిస్తుందట.

నిన్న పంపిన పాఠం విని పొద్దున ఒక పాప ఫోన్ చేసింది. "ఆంటీ, మీ గదిలో ఎవరో ఉన్నారు. నాకు భయమేస్తోంది, ఇంక వినను."

ఎల్లుండే ఆ పాపకు పరీక్ష. అమ్మకేమో ఏమీ వినిపించలేదు. గలగలవి పాము చెవులు కదా, అందుకే ఆమెను వినమంది.

అమ్మ స్పీకర్లో పెట్టి సౌండ్ పెంచింది. కీచు... కీచు... ప్రాణం పోతున్నట్టు. నిమిషం తిరగ్గానే మళ్ళీ అదే. ఇంకా పెంచితే ఒక్క మాట తెలిసింది.

"నా కుర్చీ..."

తన గొంతే. నిన్న సరిగ్గా ఆ నిమిషంలోనే, తలుపు అవతల తమ్ముడితో కుర్చీ కోసం గొడవ పడింది. పైగా అమ్మ అడిగితే, కిక్కురుమనలేదని బుకాయించింది.

"అంత అరిచాను కదా. మాటలన్నీ ఏమయ్యాయి?"

"తలుపు దాటేసరికి మాటలు పోయాయి, కీచు మిగిలింది," అంది అమ్మ. "కీచులాడటమంటే అదేగా తల్లీ. బోనులో ఎలుక కీచుమంటుందే, ఆ కీచే. ఇద్దరు చేరి కీచులు ఆడితే కీచులాట."

అమ్మ ఫోన్ అందుకుంది. గలగల సిగ్గుతో చచ్చిపోయింది. అయినా చెయ్యి చాచింది.

"నేను చెప్తానమ్మా."

పాప ఫోన్ ఎత్తింది.

"గదిలో ఎవరూ లేరు. అరిచింది నేనే. అమ్మ సాయంత్రానికి కొత్తది పంపిస్తుంది. భయపడకు."

పాప వెంటనే అడిగింది.

"అరిచింది నువ్వా. సరే. మరి ఆ రెండో గొంతు ఎవరిది? అది అరవట్లేదు. ఏడుస్తోంది."

తమ్ముడే, అనుకుంది గలగల. నిన్న పక్కనే ఉండి కూడా తనకు ఆ ఏడుపు వినిపించలేదు.

పక్క గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. తమ్ముడు నేల మీద బొమ్మలు వేసుకుంటున్నాడు. అక్కను చూడగానే గోడవైపు జరిగాడు.

గలగల వాడి పక్కన నేల మీదే కూర్చుంది.

"నిన్న ఏడ్చావట్రా?"

వాడు తలూపాడు.

"ఎందుకో చెప్పు," అంది. వాడు నోరు విప్పేదాకా పెదవి కదపకుండా కూర్చుంది.