దస్తగిరమ్మ ఒడుపు

బండ అంచు మీద మోటార్‌సైకిల్ నిలబడిపోయింది. ఇంజిన్ ఆగలేదు. దూరంగా డప్పు కొడుతున్నట్టు మెల్లగా ఆడుతూనే ఉంది. ముందు చక్రం గాలిలో జానెడు ఎత్తున ఉంటే, వెనక చక్రం కొబ్బరికాయంత రాతిబొడిపె మీద ఆనుకుని ఉంది. నలభై ఏడేళ్ల దస్తగిరమ్మ ఫుట్‌రెస్టుల మీద నిటారుగా నిలబడి, చూపు ఎదుటి రాయి మీద నిలిపింది.

“ఇంకో పది సెకన్లు!” అని కింద నుంచి కేకేసింది డాక్టర్ వకుళ.

“పదేంది మేడమ్, ఇరవై నిలబెడతా. మీ పెట్టెకు అర్థమైతాందో లేదో అది చూడండి.”

అది 2061వ సంవత్సరం. అప్పటికి వడగాలులు ముదిరిపోయాయి. పగలంతా కొండల మధ్య గాలి సుడులు తిరిగేది. మందులు మోసే డ్రోన్లు ఎగిరినవి ఎగిరినట్టే బండలకు కొట్టుకుని తుక్కయ్యేవి. తుఫానుకు కొట్టుకుపోయిన రోడ్లను మళ్లీ వేసిన నాథుడు లేడు. కదిరి చుట్టుపక్కల గుట్టల్లోని నలభై పల్లెలకు పాముకాటు మందు చేరాలన్నా, రక్తం చేరాలన్నా ట్రయల్స్ బండి ఒక్కటే దిక్కయింది.

ఒకప్పుడు అది ఆటబండి. ఆ పోటీల్లో వేగంతో పనిలేదు. కాలు కింద పెట్టకుండా బండలెక్కినవాడే మొనగాడు. ఆ బండికి సీటుండదు, నిలబడే నడపాలి. ఎంత తేలికో అంత సున్నితం. వెనక టైర్లో గాలి కాస్త ఎక్కువైతే రాయి మీద జారుతుంది, తక్కువైతే రిమ్ము సొట్టపోతుంది. క్లచ్‌లో వెంట్రుకవాసి తేడా వస్తే ఎగరాల్సిన చోట మొండికేస్తుంది. పొద్దుటి చల్లదనానికి సరిచేసిన కార్బురేటర్ మిట్టమధ్యాహ్నం గుట్ట మీద దగ్గుతుంది.

ఈ మందులు మోసే బండదారి సర్వీసు షెడ్డులో ఈ లెక్కలన్నీ దస్తగిరమ్మ వేళ్లలోనే ఉండేవి. బొటనవేలితో టైరు నొక్కి గాలెంతుందో చెప్పేది. చువ్వలను స్పానరుతో తట్టి ఏది వదులైందో చెవితో పట్టేది. రైడరూ ఆమే, మెకానిక్కూ ఆమే. కానీ దస్తగిరమ్మ ఒక్కతే. ఆమె సరిచేసి పంపిన బండి రెండు గుట్టలు దాటేసరికి మళ్లీ ఎండకో దుమ్ముకో దారితప్పేది. రైడర్లు పడేవాళ్లు, మందులు పగిలేవి.

అందుకే ఇంజనీరింగ్‌లో డాక్టరేటు చేసిన వకుళ ఒక యంత్రం కనిపెట్టింది. సబ్బుపెట్టెంత ఉంటుంది. బండి నడుముకు బిగిస్తే ఇంజిన్ అదురునూ, టైరు పట్టునూ, బండి వాలునూ క్షణానికి వెయ్యిసార్లు కొలుస్తుంది. దానికి తగ్గట్టు చిన్న చిన్న మోటార్లతో ఇంధనాన్నీ, క్లచ్‌నూ, ముందు చక్రం ఫోర్కు మెత్తదనాన్నీ దారిలోనే సరిచేస్తుంది. అంటే ప్రతి రైడరు వెంటా ఒక మెకానిక్ ఉన్నట్టే. దానికి ‘ఒడుపు’ అని పేరు పెట్టింది. అయితే పుట్టుకతో దానికేమీ రాదు. చేయి తిరిగినవాళ్లు నడుపుతుంటే చూసి నేర్చుకోవాలి.

“నేర్పించేవాళ్లకు ఒళ్లు పూర్తిగా బాగుండాలి,” అని వకుళ మొదటిరోజే ఒక ఫారం ఇచ్చింది. “కీళ్ల నొప్పులు, పాత దెబ్బలు ఏమైనా ఉంటే దాచకండి, దస్తగిరమ్మగారూ.”

దస్తగిరమ్మ ఆ ఫారం మీద ‘ఏమీ లేవు’ అని రాసింది.

ఉంది. పన్నెండేళ్ల కింద రక్తం సంచితో బండ మీద నుంచి పడినప్పుడు ఎడమ మోకాలు చితికింది. మానింది కానీ సగానికి మించి వంగదు. నడకలో తెలియనీయదు. బండి మీద నిలబడే ఉంటుంది కాబట్టి అక్కడా ఎవరికీ తెలియదు. ఆ సంగతి బయటపడితే నేర్పించడానికి ఇంకెవరినో పెడతారు. ఈ గుట్టల్లో ఏ రాయి ఎండకు ఎలా జారుతుందో ఆ ఇంకెవరికో ఏం తెలుసు? నేర్పితే తనే నేర్పాలి. అంతే.

ఆరు నెలలు ఎండనక వాననక నేర్పింది. ఒడుపు నేర్చుకుంది. రాష్ట్రమంతటా మూడు వందల బండ్లకు ఆ పెట్టె బిగించారు.

నెల తిరక్కముందే రైడర్లు పడటం మొదలైంది. తిన్నగా పైకెక్కేటప్పుడు కాదు, కుడివైపు వాలినప్పుడూ కాదు. ఎడమకు వాలినప్పుడే బండి రెప్పపాటు ముందుగా ఎగిరి మనిషిని కుడిపక్కకు విసిరేస్తోంది.

ఒక మధ్యాహ్నం షెడ్డులోని రేడియో గరగరలాడింది. మాట్లాడేది మద్దిలేటి. ఇరవై ఆరేళ్లవాడు, సర్వీసులోకెల్లా మంచి రైడరు.

“అక్కా, జాలారిబండ కాడ పడినా. చెయ్యి ఇరిగినట్టుంది. మందు బాగానే ఉంది. పైన పల్లెలో ఆడమనిషికి పాము కరిచి గంట దాటింది అక్కా.”

“కదలకుండా ఉండు. వచ్చాండా.”

ఆమె తన పాత బండి తీసింది. దానికి ఒడుపు లేదు. జాలారిబండ చేరేసరికి ఆ బండి క్లచ్ కాలి కంపు కొట్టింది. మద్దిలేటి రాతి నీడలో చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే అతని బండి పడి ఉంది.

“ఆ బండి వద్దక్కా. దానికి పిచ్చి పట్టింది,” అన్నాడు.

“నా క్లచ్ అయిపోయింది. ఉండేది ఇదొక్కటే. మందు ఇటియ్యి.”

మందుపెట్టెను వీపుకు కట్టుకుని మద్దిలేటి బండి ఎక్కింది. మొదటి ఎడమ మలుపు రాగానే పళ్లు బిగబట్టింది. బండి విసురుతుందనుకుంది, విసరలేదు. ఆమె మోకాలు ఎక్కడ వంగనని మొరాయిస్తుందో సరిగ్గా అక్కడ, అదురు కాలికి తగలకముందే ఇంజిన్ పుంజుకుని ముందు చక్రాన్ని లేపింది. తర్వాతి బండా అంతే. పన్నెండేళ్లుగా ఏ బండి మీదా ఇంత సుఖంగా కొండెక్కలేదు. పైకెళ్లేకొద్దీ ఆమెకు చెమటలు పట్టాయి.

పెట్టె తప్పేమీ నేర్చుకోలేదు. ఉన్నదున్నట్టు నేర్చుకుంది. వంగని మోకాలితో బండలెక్కడం ఎలాగో నేర్చుకుంది.

మందు వేళకు చేరింది. కాటు తిన్న మనిషి సాయంత్రానికి కళ్లు తెరిచింది. దస్తగిరమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడే వకుళకు చెప్పేయాలనుకుంది. కానీ మర్నాడు వకుళే హుషారుగా షెడ్డుకొచ్చింది.

“దొరికింది దస్తగిరమ్మగారూ! మీరు నిన్న ఆ బండి నడిపిన రికార్డు చూశాను. ఒక్క పొరపాటు లేదు. అంటే యంత్రం సరిగ్గానే ఉంది, రైడర్లదే తప్పు. ఎడమ మోకాలు అతిగా వంచుతున్నారు. మీలాగా బిగించి ఉంచడం లేదు. అదీ రహస్యం!”

దస్తగిరమ్మ చెప్పాలనుకున్నది పక్కనపెట్టి చువ్వలు బిగించడంలో పడింది. వారం తిరక్కముందే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రైడర్లందరూ ఎడమ మోకాలికి గట్టి పట్టీ కట్టుకోవాలి. కట్టుకున్నారు. పడటం ఆగిపోయింది.

చెయ్యి మానిన మద్దిలేటి రెండు నెలల తర్వాత మళ్లీ పనిలో చేరాడు. ఒకరోజు బండి దిగి షెడ్డులోకి నడిచొస్తుంటే దస్తగిరమ్మ చేతిలోని స్పానరు పక్కన పెట్టింది. అతను ఎడమకాలు ఈడుస్తున్నాడు.

“ఏమైంది రా కాలికి?”

“ఏం కాలేదక్కా. పట్టీ అలవాటై ఇప్పినా కూడా ఇట్లనే నడుచ్చాండా. అందరమూ ఇంతే. ఇంట్లో నవ్వుతాండారు.”

ఆమె చేతులు కూడా కడుక్కోకుండా వకుళ గదికి వెళ్లింది. ఫారంలో రాసిన అబద్ధం దగ్గర్నుంచి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

వకుళ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది. “మూడు వందల మంది,” అంది. “మూడు వందల మంది ఆరోగ్యంగా ఉన్న కాళ్లను కట్టేయించాను నేను.”

“మీరు కాదు మేడమ్, నేను. ఇంకొకర్ని పెట్టి మళ్లీ నేర్పించండి. కావాలంటే నన్ను పనిలోంచి తీసేయండి.”

“మీరు చెప్పకపోవడం తప్పే. నేను అడిగి ఊరుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. మోకాలు ఒకసారి చూపించమని అడగలేకపోయాను.”

ఇద్దరూ కలిసి సర్వీసు డైరెక్టరు దగ్గరికెళ్లారు. ఆయన శ్రద్ధగా విని, “అర్థమైంది. కానీ ఇప్పుడు ఎవరూ పడటం లేదు కదా?” అన్నాడు. “మళ్లీ ఆరు నెలల శిక్షణ, మూడు వందల పెట్టెలు వెనక్కి, ఈలోగా పల్లెలకు మందులెవరు మోస్తారు? పట్టీ బాగానే పనిచేస్తోంది. ఉండనివ్వండి.”

మనసులో పీకుతున్నది కాస్తయినా తీరుతుందని వకుళ పట్టుబట్టి దస్తగిరమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. కొత్త కీలు వేశారు. మూడు నెలలకు దస్తగిరమ్మ మోకాళ్లు రెండూ ముడిచి గొంతుకూర్చుంది. పన్నెండేళ్ల తర్వాత ఇంటి అరుగు మీద మఠం వేసుకుని కూర్చుని తన మోకాలిని తనే మళ్లీ మళ్లీ తడుముకుంది.

సెలవు తర్వాత పనిలో చేరాలంటే రైడింగ్ పరీక్ష పాసవ్వాలి. శిక్షణ మైదానంలో తులసీబాయి అనే కొత్త శిక్షకురాలు ఉంది. అనంతపురం నుంచి వచ్చిన పిల్ల. నిక్కచ్చి మనిషి. దస్తగిరమ్మ ఎవరో ఆమెకు తెలియదు.

మొదటి ఎడమ వాలులోనే బండి దస్తగిరమ్మను కుడిపక్కకు విసిరేసింది. లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ ఎక్కింది. మళ్లీ విసిరేసింది.

“అమ్మా, పట్టీ కట్టుకోండి,” అంది తులసీబాయి. “మోకాలు అట్ల వంచితే ఎట్ల? మొదట్లో అందరికీ కష్టమే, అలవాటైపోతుంది.”

“కట్టుకోను.”

“కట్టుకోకుంటే ఎక్కలేరమ్మా. ఎవరూ ఎక్కలేకపోయినారు.”

దస్తగిరమ్మ బండి పక్కన వంగింది. బండి నడుము దగ్గర పెట్టె వైరు పీకేసింది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కార్బురేటర్ మరను పావు చుట్టు తిప్పి, ఇంజిన్ శబ్దం విని, మళ్లీ అరపావు వెనక్కి తిప్పింది. వెనక టైరును బొటనవేలితో నొక్కి కొంచెం గాలి వదిలింది. క్లచ్ లీవరు సర్దింది.

“అయ్యో, దాన్ని ముట్టకూడదమ్మా!” తులసీబాయి పరిగెత్తుకొచ్చింది. “ఆ సెట్టింగు సామాన్యమైంది కాదు. దానికి నేర్పినామె ఈ సర్వీసులోనే అందరికన్నా గొప్ప మెకానిక్ అంట.”

“గొప్పదేమో గానీ ఆమెకు ఎడమకాలు సరిగా ఉండేది కాదులే తల్లీ,” అంటూ దస్తగిరమ్మ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడింది.

ఎక్కడ ఎంత వంగాలో కొత్త మోకాలికి ఇంకా తెలియదు. మొదటి బండ మీద తడబడింది. రెండో బండ మీద బండి వెనక్కి జారబోతే నడుముతో ఆపింది. ఎడమ వాలు వచ్చింది. ఈసారి మోకాలు మెత్తగా కిందికి దిగి, అదురంతా మింగి, మళ్లీ పైకి లేచింది. ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా చివరి రాయి మీద నిలిచి, ఇంజిన్ ఆపి, కిందికి చూసింది.

తులసీబాయి ఆమె ఎక్కిన దారంతా కింది నుంచి పైదాకా మళ్లీ ఒకసారి చూసింది. తర్వాత చేతిలోని ఫారం చూసుకుని, కాస్త ఇబ్బందిపడుతూనే, పట్టీ నిబంధన ప్రకారం రాయాల్సింది రాసింది. ‘అనర్హురాలు. కారణం: ఎడమ మోకాలు అతిగా వంగుతోంది.’

దస్తగిరమ్మ బండి దించుకొచ్చి, ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది.

“మళ్లీ పరీక్ష ఎప్పుడమ్మా?” అని అడిగింది.