బస్తాల వెనక గొణుగుడు

మా వీధి చివర ప్రార్థన మందిరం వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లేవారు కాదు. ఖాళీ హాల్లో ఎవరో గొణుగుతారని దానికి పేరు పడిపోయింది.

పగలు మాత్రం సందడే. ప్రార్థనకి కాదు — కబుర్లకి. మందిరం పెద్దాయన్ని అందరూ 'మైకు' అనేవాళ్లు. ఆయన నోరు తెరిస్తే వీధి మొదటిదాకా వినపడేది. తన కొట్టులో పట్టని సిమెంటు బస్తాలు తెచ్చి హాలు సగం నింపేశాడు. ఎవరైనా అడిగితే, "దేవుడికేమన్నా అడ్డమా?" అనేవాడు.

ప్లంబరు పని చేసే మా మావయ్య చెప్పాడు ఈ సంగతి.

ఓ సాయంత్రం మందిరం వెనక గోడలో పైపు పగిలింది. బాగుచేసేసరికి చీకటి పడింది. సామాను సర్దుకుంటుంటే... లోపల గొణుగుడు.

మావయ్యకి భయం కంటే అనుమానం ఎక్కువ. 'దెయ్యమూ లేదు, పాడూ లేదు. దాని పేరు చెప్పి బస్తాల చాటున ఎవడో ఏదో నడిపిస్తున్నాడు' అనుకున్నాడు. పెద్ద పానా చేత్తో పట్టుకుని పక్క తలుపు మెల్లగా తోశాడు.

చీకట్లో, బస్తాల మధ్య, ఎవరో మోకాళ్ల మీద ఉన్నారు. టార్చి వేశాడు —

గొణుగుడు ఆగింది.

మైకు! చొక్కా నిండా సిమెంటు దుమ్ము. కళ్ల నిండా నీళ్లు.

"ఏంటండీ ఇది? ఎవరితో మంతనాలు?"

"మెల్లగా, బాబూ..." ఆయన అంత చిన్నగా మాట్లాడటం మావయ్య ఎప్పుడూ వినలేదట. "రేపు మా ఆవిడకి ఆపరేషన్. డాక్టరు ఏ మాటా చెప్పలేదు. దణ్ణం పెట్టుకుందామని వస్తే, మోకాళ్లు వంచడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది... నింపింది నేనేగా."

మావయ్యకి జాలేసింది. "కానివ్వండి. మీరు గొణుక్కుంటుంటే నేనే తప్పుగా అనుకున్నా."

"నేనా?" ఆయన తలెత్తాడు. "గంట నుంచి నా నోట ఒక్క మాట రావట్లేదయ్యా. బయట నువ్వే ఏదో చెప్పుకుంటున్నావనుకున్నా..."

మావయ్య టార్చి బస్తాల వైపు తిప్పాడు.

మళ్లీ మొదలైంది. బస్తాల వెనక నుంచి... బతిమాలుతున్నట్టు... ఒకే పేరు, మళ్లీ మళ్లీ.

మావయ్య ఆ పేరు ఎరగడు.

"అది... మా ఆవిడ పేరు," అన్నాడు మైకు.

ఆవిడ గట్టెక్కింది. మైకు మందిరంలో మరి గొంతెత్తలేదు.

గొణుగుడు విన్న ఆ రాత్రే ఇద్దరూ బస్తాలన్నీ బయటికి మోశారట. బస్తాలకీ గోడకీ మధ్య మనిషి కాదు కదా, పిల్లి దూరే సందు కూడా లేదు. కానీ చివరి బస్తా తీసి చెయ్యి ఆనిస్తే — నేల వెచ్చగా ఉంది... ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు.