10:41కి దిగిన మార్పు

శుక్రవారం ఉదయం 8:20కి లక్ష్ముడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

ఆ తెల్లవారుజామున అలలు మూడు మీటర్లు లేచాయి. రేవులో హెచ్చరిక సైరన్ మోగలేదు.

"మోగనేదు కాబట్టే సేపల ఏటకెళ్లాడమ్మా," అంది అతని భార్య గున్నమ్మ, విచారణకు వచ్చిన సైబర్ సెల్ ఎస్సై ఈశ్వరితో. ఆమె ఏడవలేదు. "ఎవుడి తప్పో నాకు తెలాల."

ఈశ్వరి 9:05కి రేవు ఆఫీసులోని సైరన్ కంప్యూటర్‌ను సీల్ చేసింది.

మధ్యాహ్నం గున్నమ్మను వెంటబెట్టుకుని అరసవల్లి వెళ్లింది. సైరన్ సాఫ్ట్‌వేర్ తయారైన ఆఫీసు అక్కడే ఉంది. మేనేజర్ మురళీమోహన్ ఒక కాగితం ముందుకు తోశాడు. తప్పంతా తనదేనని ప్రోగ్రామర్ అనూరాధ ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. సంతకం మాత్రం లేదు.

"సేయని తప్పుకి సంతకమెట్టను మేడమ్. ఉద్యోగం తీసేస్తే తీసేయమనండి," అంది అనూరాధ. "నాలుగు మీటర్లకి మోగే సైరన్‌ని రెండున్నరకి మార్చి బుధవారమే పంపాను."

"అబద్ధం!" అన్నాడు మురళీమోహన్. "కొత్త మార్పులు దించడానికి గురువారం రేవు కంప్యూటర్‌లో నేనే పుల్ కొట్టాను. ఆ మార్పు రాలేదు. మనిషి పోయాక పంపి, పాత తేదీ వేసింది."

ఈశ్వరి ఫోన్ మోగింది. పైఅధికారి.

"ఆ పిల్ల మీద రాసి క్లోజ్ చెయ్."

"చూడకుండా రాయను సార్."

ఫోన్ పెట్టేసి, సీల్ చేసిన డిస్క్ కాపీని అందరి ముందూ తెరిచింది.

"సైరన్ ప్రోగ్రామ్ ఒక రిపోజిటరీ, అంటే కోడ్ దాచే పెట్టె. అలల హద్దులు దాని లోపల ఇంకో రిపోజిటరీలో ఉన్నాయి. అవునా?"

"అవును," అన్నాడు మురళీమోహన్.

"పుల్ కొడితే లోపలిదానికి కొత్త మార్పు దిగుతుంది. కానీ సబ్‌మాడ్యూల్, అంటే ఆ లోపలి పెట్టె, దానికి అప్‌డేట్ కమాండ్ విడిగా ఇచ్చేదాకా పాత అంకెలే నడుస్తాయి. లోపల ఆఖరి ఫెచ్, అంటే మార్పు దిగింది, ఎప్పుడో చదవండి."

అతను చదవలేదు. అనూరాధ చదివింది. "గురువారం, 10:41. వచ్చింది నా మార్పే."

"లక్ష్ముడు పోవడానికి ముందురోజు. పంపిన తేదీ మార్చొచ్చు. నేను సీల్ చేసిన మెషీన్‌లోకి తర్వాత ఏదీ దూర్చలేరు."

"మ... ఆ అప్‌డేట్ ఇవ్వడం మర్చిపోయానంతే," అన్నాడు మురళీమోహన్.

ఈశ్వరి రేవు ఆఫీసు నుంచి తెచ్చిన రిపోర్టు తీసింది. "'రెండున్నర మీటర్లకు పరీక్షించాను, సైరన్ మోగింది.' గురువారం 11:15. మీ సంతకం. మార్పే రాకపోతే ఏం పరీక్షించారు? పరీక్షించకుండానే రాశారు."

అతను రిపోర్టును పక్కకి తోశాడు. "మీకు ట్రాన్స్‌ఫర్ తప్పదు మేడమ్."

"ఆర్డర్ రానివ్వండి. ఈలోగా ఎఫ్‌ఐఆర్ కోర్టుకెళ్తుంది."

గున్నమ్మ లేచి అతని ముందు నిలబడింది.

"నా మొగుడి పేరు లక్ష్ముడు. ఓపాలి అను బాబూ."

అతను ఫోన్ తీసి లాయర్ నంబర్ వెతకసాగాడు.

"వాయిదా వాయిదాకీ వస్తాను. నీ నోటెంట ఆ పేరు అనిపించేదాకా వస్తాను."