రబ్బరు తొడ

"నేను తొడపాశం పెట్టడం నువ్వు కళ్ళతో చూశావా, చింతాలూ?"

"మీ గోళ్ళు చూశాను. పిల్లల తొడలు చూశాను. మధ్యలో ఇంకేం చూడాలండీ?"

మా అంగన్‌వాడీలో సుభాషిణి టీచరుకీ, ఆయా పని చేసే నాకూ ఏడేళ్ళుగా ఇదే తగువు. ఆవేళ ట్రైనింగ్ హాల్లో డాక్టరు హేమచంద్ర ముందు కూడా మొదలైంది.

"తొడపాశం అంటే?" అన్నాడాయన.

"పిల్లల ఆటండీ," అంది టీచరు.

"గిల్లుడండీ. తొడ లోపలివైపు, గోళ్ళతో," అన్నాను.

"పిల్లల్ని ఎవరు ఎలా చూస్తారో నా పాపాయే చెప్తుందిలెండి," అన్నాడు.

పాపాయంటే మిషను. మూడేళ్ళ పిల్లంత ఉంటుంది. రబ్బరు చర్మం, పైన గౌను, కళ్ళల్లో కెమెరాలు, చెవుల్లో మైకులు. కరుస్తుంది, కంచం విసురుతుంది, నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంటుంది. మంచిగా మాట్లాడితే తగ్గి, గుండెమీద పచ్చలైటు వెలుగుతుంది. తిట్టినా కొట్టినా ఎర్రలైటు. "పిల్ల కరిచిందంటే చెప్పుకోలేని బాధేదో ఉందన్నమాట. అది కనుక్కోవడమే మీ పని," అన్నాడు డాక్టరు. మాట బాగానే ఉంది.

మా సెంటర్లో మేరీ జ్యోతని నాలుగేళ్ళ పిల్ల ఉంది. కరుస్తుంది. తీసెయ్యాలని టీచరు, వద్దని నేను. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. మేం ఉంచుకోకపోతే ఆ ఐసు నీళ్ళలోనే పిల్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎవరికి పచ్చలైటు వస్తే జ్యోతి సంగతిలో వాళ్ళదే మాటన్నాడు డాక్టరు.

ముందు నేనెళ్ళాను. పాపాయి నా మణికట్టు కరిచింది. ఒళ్ళో వేసుకుని, "ఓసి నీ దుంపతెగ, ఏమైందే, ఆకలేసిందా?" అన్నాను. ఎర్రలైటు.

"శాపం పెట్టారు," అన్నాడు డాక్టరు.

"అది ముద్దండీ."

"డిక్షనరీలో అలా లేదు."

టీచరు వెళ్ళింది. "బంగారం, తప్పు కదమ్మా," అంది తీయగా. ఎడంచెయ్యి పాపాయి గౌను కింద ఉంది. పచ్చలైటు. చప్పట్లు, సర్టిఫికెట్. మిగతా టీచర్లూ అదే పట్టారు, పైన బంగారం, కింద తొడపాశం.

"తొడకి దెబ్బ తెలిసే సెన్సార్లు లేవా?" అనడిగాను.

"పిల్లల్ని ఎక్కడెక్కడ కొడతారో టీచర్లనే అడిగి పెట్టామండీ. తొడని ఎవరూ రాయలేదు."

మర్నాడు డాక్టరు మా సెంటరుకొచ్చాడు. టీచరు జ్యోతి దగ్గర కూర్చుని "బంగారం" అంది. అంతే, పిల్ల గౌను తడుపుకుంది, ఆవిడ చెయ్యి కరిచింది. డాక్టరు తన ట్యాబులో రాసుకున్నాడు, సర్టిఫికెట్ పద్ధతికి లొంగని పిల్ల అని. సాయంత్రానికి పేరు కొట్టేశారు.

మూడు నెలలకి డాక్టరే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో ఫొటోలతో. పాపాయి తొడ చిల్లులు పడి ఉంది.

"ఎలకలంటారా, చింతాలమ్మగారూ?"

ఆయన్ని రొయ్యల షెడ్డుకి తీసుకెళ్ళాను. ఐసు బుట్టల మధ్య జ్యోతి కూర్చునుంది, వేళ్ళు నానిపోయి తెల్లగా. "ఏవే దుంపా" అంటే నవ్వింది. గౌను అంచు పైకెత్తాను. ఫొటోలో ఉన్న గోటి గాట్లే, మచ్చలు కట్టి. ఆయన ఫొటో చూశాడు, పిల్లని చూశాడు.

"తరవాతి మోడల్లో తొడకి కూడా పెడతాను," అన్నాడు.

ఆఫీసుకెళ్ళి జ్యోతిని మళ్ళీ చేర్చుకోమన్నాను. సర్టిఫికెట్ ఉన్న టీచరు సంతకం కావాలన్నారు. సుభాషిణి టీచరు పెట్టనంది. మరి పిల్ల తొడ మాటేంటని అడిగితే, "అది ఆఫీసు ఆస్తి కాదమ్మా," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

పాపాయి మాత్రం ఆఫీసు ఆస్తి. పాడుచేసినందుకు ఆ హాల్లో పచ్చలైటు వచ్చిన పదహారు మందికీ జరిమానా వేశారు. సుభాషిణి టీచరు తన వాటా కట్టేసి, రసీదు నా మొహం ముందు ఆడించింది. ఏడువందల పద్దెనిమిది రూపాయలు.