మూడుసార్లు కొలిచిన దర్వాజ

“కడప మీద కాలు పెట్టినవేంది? కండ్లు కనిపిస్తలేవా?”

నవత నాతో అన్న మొదటి మాట అది. చేతిలో టేపు, చెవి మీద పెన్సిల్, పసుపు రాసిన కడప మీద నా ఎడమకాలు. చటుక్కున తీసేశాను.

“సారీ మేడం. కింద మెజర్‌మెంట్ తీస్తున్న.”

“మేడం గీడం వద్దు. పేరేంది?”

“భానుప్రసాద్.”

“భానుప్రసాద్, కాళ్లు కడుక్కొని రా.”

బోధన్‌లో అల్యూమినియం తలుపుల షాపులో పని చేస్తాను. ఇంటికెళ్లి కొలవడం, డిజైన్లు చూపించడం, ఆర్డర్ పంపడం నా డ్యూటీ. నవత వాళ్ల ఇల్లు ఊరి చివర, రెంజల్ రోడ్డు పక్కన. పడమటి వాకిలి, ఎదురుగా చెరుకు తోట. గాలివాన వచ్చిందంటే జల్లు చెక్కతలుపు సందుల్లోంచి నేరుగా ఇంట్లోకి కొడుతుంది. చేసిన బీడీలు మెత్తబడతాయి, బండలు జారుడవుతాయి. అందుకే చెక్కతలుపుకు బయట వాననాపే ఇంకో తలుపు కావాలన్నారు.

ఇంట్లో ఇద్దరే. నవత, ఆమెను చిన్నప్పటి నుంచి పెంచిన నాయినమ్మ ఈరవ్వ.

నవత నా డిజైన్ల పుస్తకం తిరగేసి మొత్తం రేకున్న డిజైన్ చూపించింది. ఈరవ్వ ఒప్పుకోలేదు.

“నాకు తొవ్వ కనవడాలె పిలగా. నేను గీడ కూసొని బీడీలు చేస్త. అద్దం గింత కిందికి పెట్టు.”

చాట ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నేల మీద మోకాళ్లూని ఆమె కళ్ల ఎత్తు కొలిచాను. నా అవస్థ చూసి నవత పకపకా నవ్వింది. నా పని చెడింది ఆ నవ్వుతోనే.

దర్వాజ వెడల్పు పైన, నడుమ, కింద కొలిచి, అన్నిట్లో తక్కువది తీసుకోవాలి. ముప్పై తొమ్మిదిన్నర అంగుళాలు. చెక్కతలుపు వెనక గోడ మీద పెన్సిల్‌తో రాసి, ఆర్డర్ కాగితం మీద ఎక్కించి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజే అది నిజామాబాద్ వర్క్‌షాపుకు పోవాలి. పంపలేదు.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను.

“మెజర్‌మెంట్ టాలీ అయితలేదు.”

“గోడ గిట్ట జరిగిందా?” అంది నవత, మొహం సీరియస్‌గా పెట్టి.

టేపు రెండో కొస ఆమె పట్టుకుంది. మధ్యలో ఉన్న మూడడుగులు కూడా నాకు దగ్గరే అనిపించాయి. మళ్లీ ముప్పై తొమ్మిదిన్నర. గోడ మీద రాశాను, చాయ్ తాగి వచ్చాను. ఆ పై వారం ఇంకోసారి వెళ్లాను.

“ఏం పిలగా, మా దర్వాజ వారానికింత పెరుగుతున్నదా?” ఈరవ్వ బోసినోటితో నవ్వింది. “జల్ది పెట్టు బిడ్డా. వానలు షురువైనయి.”

“వచ్చే వారం పక్కా, నాయినమ్మా.”

వచ్చే వారం కంటే ముందే గాలివాన వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నవత బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు వెళ్లింది. జల్లు లోపలికి కొడుతుంటే, చాట తీయబోయి ఈరవ్వ తడి బండ మీద జారిపడింది. తుంటి విరిగింది. నిజామాబాద్‌లో ఆస్పత్రి మంచం మీద పన్నెండు రోజులుండి, పోయింది.

ఆమె పడిందని తెలిసిన రోజు కూడా కాగితం నా జేబులోనే ఉంది. ఆ రోజే పంపాను. ఏం లాభం?

దినాలు అయ్యాక తలుపు తీసుకెళ్లాను. దర్వాజలో ఒక్కసారికే కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేదు. నవత నిలబడి చూస్తోంది. ఇక దాచడం నా వల్ల కాలేదు.

“నవతా, మొదటి దినం కొలతనే కరెక్ట్. నిన్ను చూడనికే మళ్ల మళ్ల వచ్చిన. అప్పుడే ఆర్డర్ పెడితే నాయినమ్మ పడకపోవు. నా వల్లనే పోయింది.”

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. చెక్కతలుపు పక్కకు జరిపి గోడ చూపించింది. ఒకదాని కింద ఒకటి, మూడుసార్లు, ముప్పై తొమ్మిదిన్నర.

“పది పాసైన భానూ. అంకెలు చదువొస్తయి.”

“మరి ఎందుకు అడగలే?”

“అడిగితే నువ్వు మళ్ల రాకపోదువు.” ఆమె కింది అంకె మీద చెయ్యి పెట్టింది. “తలుపు ఎప్పుడొస్తదే అని నాయినమ్మ రోజు అడిగేది. కొలత కుదుర్తలేదట అని నేనే చెప్పిన. నా నోటితోని.”

ఆమె చెక్కతలుపును మళ్లీ గోడ మీదికి జరిపింది.

“పో భానూ. ఇయ్యాల నిన్ను చూడలేను.”

బయటికొచ్చాను. వెనక కొత్త తలుపు మూసుకుంది. బండి దగ్గరికి చేరేలోపే వాన అందుకుంది. వెనక్కి తిరిగి చూశాను. నవత ఈరవ్వ కూర్చునే చోటే, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె నాయినమ్మ కంటే పొడుగు. అందుకని అద్దంలోంచి చూడటానికి తల వంచింది.

నాకు వెళ్లబుద్ధి కాలేదు. తిరిగి వచ్చి తలుపు ముందు నిలబడ్డాను. తట్టే ధైర్యం లేదు. షర్టంతా తడిసి ముద్దయ్యాక తలుపు కదిలింది. బయటికి తెరుచుకునే తలుపు అది. ఒక అడుగు వెనక్కి జరిగాను.

“తడుస్తున్నవ్,” అంది నవత. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. “లోపలికి రా. కడప తొక్కకు.”

కడప దాటి లోపలికి వెళ్లాను. ఆమె తలుపు వేసింది. ఈరవ్వ చాటకు అటొకరం ఇటొకరం కూర్చుని, వాన వెలిసేదాకా ఏడ్చాం.

నేను తడిపిన చోటు తప్ప, బండలు పొడిగా ఉన్నాయి.