గూరో ఇంటిపేరు

సాయంత్రం నాలుగు గంటలు. మంచు కురవడం ఆగింది. గాలి లేదు. డకోటా మైదానం మీద అప్పుడే చీకట్లు ముసురుకుంటున్నాయి. మట్టిపెళ్లల ఇంట్లో ఓసె పొయ్యి ఎగదోసి జావ కలియబెడుతోంది. మొగుడు హల్వార్ పిల్లలిద్దరినీ మంచుబండిలో ఎక్కించుకుని ఊళ్లోకి వెళ్లాడు. ఈపాటికి రావాలి.

పొద్దున బండెక్కుతూ మళ్లీ అదే మాట ఎత్తాడు.

"పిల్లకి సున్నివా అని పెట్టి ఆనవాయితీ తప్పామే ఓసె. పోయిన పెళ్లాం పేరు రెండో పెళ్లాం తొలి కూతురికి పెట్టాలి. మన నార్వేలో ఎవరూ తప్పరు."

"బ్రెక్కె అన్నది ఆ గూరో పొలం పేరు. ఇల్లరికం వెళ్లి ఆ పొలం పేరే ఇంటిపేరు చేసుకున్నావు. సముద్రం దాటొచ్చినా నన్నూ బ్రెక్కె అనే పిలుస్తున్నారు. ఇక నా కడుపున పుట్టినదాన్ని కూడా గూరో, గూరో అని పిలుచుకుని మురిసిపోతావా?"

"చచ్చినదానితో కూడా సవతి పోరేనటే!" అని నవ్వేశాడు.

ఓసె నవ్వలేదు.

తలుపు మీద చప్పుడు. మెల్లగా.

గుర్రం గంటలు వినపడలేదే...

"ఎవరూ?"

"బ్రెక్కె ఇంటిదాన్ని."

ఆడగొంతు. తలుపు సందులోంచి వాసన... తమ దేశంలో శవాన్ని సాగనంపే వాకిట్లో చల్లే పచ్చి దేవదారు కొమ్మల వాసన. ఈ మైదానంలో ఆ చెట్టే లేదు.

గరిటె జారిపడింది.

"నా పొలం పేరు పెట్టుకున్నావు. నా మొగుణ్ణి కట్టుకున్నావు. ఏమైనా అన్నానా, చెల్లీ?" గుసగుస. "నా పేరు పిలిచేవాళ్లు లేరు. నీ పిల్లకి పెట్టు..."

సరే అంటే పోయేది. కానీ గూరో పేరు వింటేనే ఓసెకి కడుపు మండేది. అంత భయంలోనూ మండింది.

"పెట్టను. అది సున్నివా. నా కూతురు."

 

"సరే... నేనే పెట్టుకుంటాలే."

మంచు కరకరలాడింది. అడుగులు... ఊరి దారిన... తొందర తొందరగా...

ఓసె తలుపు తోసుకుని పరుగెత్తింది. మంచు మీద ఒక్క అడుగుజాడ లేదు. ఎంత దూరం పోయిందో, ఎదురుగా గంటల మోత. బండి ఆగింది.

"ఏమిటే ఆ వణుకు?" అన్నాడు హల్వార్.

"దారిలో ఎవరైనా..."

"పిట్ట కూడా లేదు."

కొడుకు ఊలె దూకి వచ్చి వాటేసుకున్నాడు. ఆరేళ్ల పిల్ల బండిలోనే తండ్రికి ఆనుకుని కూర్చుంది. అతని చెయ్యి వదల్లేదు.

"సున్నివా!"

పిల్ల చుట్టూ చూసింది... ఎవరిని పిలుస్తున్నారా అని.

తిరిగొచ్చినవాళ్లని లెక్కపెడుతూ ఓసె వేళ్లు మడిచింది. హల్వార్ వచ్చాడు. ఊలె వచ్చాడు. మూడో వేలు మడతపడలేదు.